లెవ్రి నిలబడిన చోటు

మంగళవారం సాయంత్రం బేస్‌బాల్ ఆటలో లెవ్రి మెర్సెదెస్ చేతిలోంచి ఒక మామూలు బంతి జారిపోయినప్పుడు, మిలాగ్రోస్ పక్క సీట్లో కూర్చున్న ముసలావిడ వేయించిన అరటి ముక్క నములుతూనే, "చేతులు పెట్టమంటే దేవుడు వీడికి చెంచాలు పెట్టాడు," అంది.

చుట్టుపక్కల నలుగురైదుగురు నవ్వారు. మిలాగ్రోస్ నవ్వలేదు. ఆ చేతుల్ని చూడడానికే ఆమె రాజధాని నుంచి ఊబెరో అనే ఈ ఊరికి వచ్చింది. ఉత్తరాది దేశంలో, ఆటగాళ్ళని ఎంచి చెప్పేందుకు ఆమెకి జీతమిచ్చే క్లబ్బుకి వచ్చే వసంతంలో కొత్త షార్ట్‌స్టాప్ కావాలి. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఆ చోటులో నిలబడ్డానికి ఈ ఇరవయ్యేళ్ళ కుర్రాడు తయారయ్యాడంటే, ఇప్పుడున్న ఆటగాణ్ణి ఇంకో క్లబ్బుకి ఇచ్చేస్తారు. కాలేదంటే లెవ్రి ఇంకో ఏడాదో, రెండేళ్ళో చిన్న లీగుల్లో బస్సులు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. వచ్చేముందు ఆమె పైఅధికారి హోల్కమ్ ఫోన్‌లో చెప్పాడు: "ఆదివారానికి ఒక్క మాట చెప్పు, మిలాగ్రోస్. అవుననో, కాదనో. మధ్యలోవి నాకు పనికిరావు."

మధ్యలోవి తనకీ పనికిరావనే ఆమె అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. దేశం తరఫున సాఫ్ట్‌బాల్‌లో అదే చోట చాలాకాలం ఆడింది. కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. బంతి దగ్గరికి కుర్రాడు వెళ్ళే తీరు ఒక పూట చూస్తే చాలు, వాడి పనితనం ఆమెకి తెలిసిపోయేది.

ఆ తర్వాతి ఇన్నింగ్స్‌లో రెండో బేస్ వెనకనుంచి ఒక బంతి నేలబారున దూసుకుపోయింది. అది ఎవరికీ అందే బంతి కాదు. లెవ్రి అక్కడున్నాడు. ముందే వచ్చి దానికోసం ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. వట్టిచేత్తో అందుకుని, గాల్లో తిరుగుతూనే మొదటి బేస్‌కి విసిరాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. డోలు వాయించేవాళ్ళు వాయించడం మరిచిపోయారు.

"చెంచాలే," అంది ముసలావిడ, తనూ లేచి నిలబడి. "కాకపోతే వెండి చెంచాలు."

"మీరు రోజూ వస్తారా, దోన్యా?" అని, పెద్దావిడల్ని అక్కడ పిలిచే తీరులోనే, అడిగింది మిలాగ్రోస్.

"రాకపోతే మా రుఫీనో బెంగపెట్టుకుంటాడు కదమ్మాయ్." ఆవిడ నవ్వి, గడ్డంతో రెండో బేస్ అవతలి పక్కకి చూపించింది.

అక్కడ రుఫీనో దురాన్ నిలబడి ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డవాడు. పెద్ద లీగ్‌లో చాలాకాలం ఆడి, ఇప్పుడు చలికాలాల్లో మాత్రం సొంతవూరికి ఆడుతున్నాడు. ఊబెరోలో ప్రతి వీధిలోనూ కనీసం ఒక పిల్లాడికి ఆయన పేరుంటుంది. ఒక తేలికైన బంతి ఆయన ఎడమచేతి వైపు వచ్చింది. రెండంగల్లో అందుకుని పొందికగా విసిరాడు.

"ఆయన దగ్గరికి ముసలితనం బయల్దేరింది గానీ, దారి తెలీక పక్కూరికి పోయింది," అంది దోన్యా.

ఆ రాత్రి ఆఖరి ఇన్నింగ్స్‌లో లెవ్రి కుడివైపు బంతి వచ్చింది. దూరమేం కాదు. కానీ వాడు దాన్ని చేరేసరికే ఆలస్యమయింది. తొందరలో విసిరిన విసురు నేలకి తగిలి మొదటి బేస్ పక్కనుంచి పోయింది. పరుగు వచ్చేసింది, ఊరి జట్టు ఓడిపోయింది. కుర్రాడు ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌కి నడుస్తుంటే పైనుంచి ఈలలు, తిట్లు. ఎవరో కాగితం గ్లాసు విసిరారు. వాడు టోపీ కిందికి లాక్కుని దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాడు.

తేలిక బంతులు పట్టి కష్టమైనవి వదిలేసేవాళ్ళని మిలాగ్రోస్ వందలమందిని చూసింది. ఇది తిరగబడ్డ లెక్క. హోటల్‌కి నడిచి వెళ్తూ వాడి పాదాల్ని, మోచేతిని, మెడని మనసులో మళ్ళీ మళ్ళీ ఆడించుకుంది. ఏ ఒక్కటీ ఇంకోదానితో అతకలేదు.

బుధవారం పొద్దున అభ్యాసంలో ఆమె లెవ్రి వెనకాలే నిలబడింది. శిక్షకుడు వాడి కుడివైపుకి బంతి తర్వాత బంతి కొట్టాడు. వాడు ఒక్కటీ వదల్లేదు. అడ్డంగా అడుగు వేసి, గ్లవ్‌ని నేలకి ఆనించి, బంతి తనంతట తానే లోపలికి వచ్చేలా పట్టేవాడు. విసురులో తొందర లేదు. రాత్రి ఆడినవాడికీ వీడికీ సంబంధమే లేదు.

వాడు నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"రాత్రి కుడివైపు బంతికి ఏమైంది?"

"ఆలస్యమయ్యాను, మేడమ్."

"ఎందుకు?"

వాడు సీసా మూత బిగిస్తూ ఆలోచించాడు. "ఆలస్యమయ్యాను. అంతే."

"జనం అరుస్తుంటే భయమా?"

"భయమైతే కాదనుకుంటా."

"అయితే ఏంటి?"

"మీరే చెప్పాలి మేడమ్. మీరు చూసేవాళ్ళు కదా." అందులో పొగరేం లేదు. నిజంగానే ఆమె ఏమంటుందో వినాలని ఉన్నట్టు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మోకాలికి విశ్రాంతి అని రుఫీనోని కూర్చోబెట్టారు. రెండో బేస్ దగ్గర ఇంకో కుర్రాడు ఆడాడు. లెవ్రి ఆ ఆటంతా నీళ్ళు పారినట్టు ఆడాడు. కుడివైపు వచ్చినవీ పట్టాడు, ఎడమవైపు వచ్చినవీ పట్టాడు. గాల్లో తిరగడాలు లేవు, జారిపోవడాలూ లేవు.

"ఇవాళ వీడు ఆడాడా అసలు?" అంది దోన్యా ఆవలిస్తూ. "నాకైతే కనబడలేదు."

హోల్కమ్ ఫోన్ చేశాడు. వాళ్ళ కెమెరాలు కొలిచిన కొలతలన్నీ చదివి వినిపించాడు. కుర్రాడు ప్రతి బంతికీ ముందు సరైన చోటే నిలబడుతున్నాడు. అయినా కుడివైపు వెనకబడిపోతున్నాడు. కాళ్ళలో వేగం తగ్గిందా, కంటిచూపులో తేడా ఉందా అన్నది కొలతలు చెప్పడంలేదు.

"నీ కళ్ళు ఏమంటున్నాయి?"

"తెలియట్లేదు," అంది మిలాగ్రోస్.

"తెలియట్లేదని చెప్పడానికి నిన్ను పంపలేదు కదా."

ఫోన్ పెట్టేశాక ఆమె కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. ఈమధ్య చదవడానికి కళ్ళజోడు వాడుతోంది. ఆ సంగతి క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. లోపం వాడిలో ఉందా, నా కళ్ళలోనేనా అన్న అనుమానం మొదటిసారి వచ్చింది.

గురువారం రుఫీనో మళ్ళీ ఆడాడు. లెవ్రి మళ్ళీ మంగళవారం మనిషైపోయాడు. రెండో బేస్ వెనక ఒక అద్భుతం, కుడివైపు రెండు తప్పులు. రెండో తప్పు తర్వాత రుఫీనో గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని వాడితో ఏదో గట్టిగా అన్నాడు. వాడు తలూపాడు. జనం రుఫీనోకి చప్పట్లు కొట్టారు, పిల్లాణ్ణి దారిలో పెడుతున్నాడని.

శుక్రవారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, ఆమె మైదానంలోకి వెళ్ళింది. అక్కడ నిలబడితే ఏమైనా తోస్తుందేమోనని. మట్టిని ఇంకా చదును చేయలేదు. నిన్నటి ఆట అచ్చులన్నీ మంచుకి తడిసి అలాగే ఉన్నాయి.

షార్ట్‌స్టాప్ చోటులో వాడి బూట్ల మేకులు తవ్విన గుంటలు రెండు కనిపించాయి. ఆమె చెప్పులు విప్పి, ఆ గుంటల్లో పాదాలు పెట్టి, మోకాళ్ళు వంచి, బ్యాటు పట్టేవాడు నిలబడే చోటు వైపు చూసింది. చాలా ఏళ్ళయింది అలా చూసి. నడుము నొప్పెట్టి కిందికి చూసినప్పుడు, ఎడమ పాదం పక్కనుంచి ఒక గాడి కనిపించింది.

పరిగెత్తిన గుర్తు కాదది. పరిగెత్తితే మట్టి ఎగురుతుంది, అచ్చుకీ అచ్చుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఇవి జరిగిన గుర్తులు. పొట్టివి, ఒకదాని మీద ఒకటి పడ్డవి, పిల్లి నడిచినంత నెమ్మదైనవి. అవి రెండో బేస్ వైపు రెండడుగులు పోయి ఆగాయి. ఆగినచోట ఇంకో జత గుంటలున్నాయి. మొదటివాటికంటే లోతైనవి.

ఆమె ఆ రెండో జతలో నిలబడింది. కుడివైపు చూస్తే మైదానమంతా ఖాళీ. అటు వచ్చే ఏ బంతికైనా ఎవరైనా ఆలస్యమే అవుతారు. ఎడమవైపు చూస్తే రెండో బేస్ చంక కింద ఉన్నట్టుంది. బంతి విసిరే పిచర్ కాలెత్తినప్పుడు జరుగుతున్నాడన్నమాట. అప్పుడు అందరి కళ్ళూ పిచర్ మీదుంటాయి. కెమెరా కొలత అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆమె కూడా పిచర్‌నే చూసింది, మూడు ఆటలుగా.

తర్వాత ఆమె బేస్ అవతలికి, రుఫీనో నిలబడే చోటికి వెళ్ళింది. అక్కడా రెండు గుంటలు. మొదటి బేస్ వైపు అడుగులు ఉన్నాయి. రెండో బేస్ వైపు, తన కుడిచేతి వైపు, ఆయన అడుగు ఒక్కటీ లేదు. అటుపక్క మట్టి నున్నగా ఉంది.

"జరగమ్మా," అని అరిచాడు చదును చేసే బండి నడిపేవాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గడ్డిమీదికి జరిగింది. బండి ఆ గుర్తులన్నిటినీ తుడిచేసుకుంటూ పోయింది.

లెవ్రి మధ్యాహ్నం మెట్ల కింద గదిలో బ్యాటు పిడికి టేపు చుడుతున్నాడు. ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"పిచర్ కాలెత్తగానే ఎటు జరుగుతున్నావు?"

"ఎటూ జరగట్లేదు మేడమ్."

"నేల చూశాను."

వాడు టేపు మీద బొటనవేలితో మడతలు నొక్కుతూ ఉండిపోయాడు. అంతా నొక్కాక, మళ్ళీ విప్పి మొదట్నుంచీ చుట్టడం మొదలుపెట్టాడు.

"బుధవారం జరగలేదు కదా. ఆయన లేనప్పుడు."

"మేడమ్, పైకి ఏం చెప్పాలో అది చెప్పేయండి. నా చేతులు బాగాలేవని చెప్పినా ఏమనుకోను."

"నీ చేతులకేం? అబద్ధం ఎలా చెప్పను?"

వాడు గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. "సీజన్ మొదట్లో ఒక బంతి రుఫీనో బాబాయి పక్కనుంచి పోయింది. ఇంతకుముందైతే నిద్రలో కూడా పట్టేవాడు. అప్పుడు పైన ఎవరో నవ్వారు. పెద్దగా కూడా కాదు. నాకు వినబడింది."

"ఆయనకి?"

"వినబడలేదు. వినబడకూడదు కూడా. గ్లవ్ ఎలా తెరవాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయన. ఆయన మీద ఎవడో నవ్వితే నేను పక్కన నిలబడి వినాలా?"

"అందుకని ఆ తిట్లు నువ్వు పడుతున్నావు."

"నాకు ఇరవయ్యేళ్ళే కదా." అదేదో పూర్తి జవాబైనట్టు అన్నాడు. అంతలోనే ముఖం మారింది. "ఆయనకి తెలీదు మేడమ్. మీ అమ్మ మీద ఒట్టు, చెప్పకండి."

ఆమె మాటివ్వలేదు, కాదనలేదు. బయటికి వచ్చేసింది.

ఇప్పుడు అంతా తేలిపోవాలి నిజానికి. చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి, తప్పులెందుకో తెలిసింది. అయినా రాత్రంతా ఆమె మనసు ఒకచోట నిలవలేదు. పక్కవాడి లోటు కప్పడానికి తన పని చెడగొట్టుకునేవాణ్ణి పెద్ద లీగ్‌కి ఎలా పంపాలి? అక్కడ కప్పాల్సినవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. మరి అలాంటి మనసున్నవాణ్ణి కాదని, ఇంకెలాంటివాడు కావాలని అడుగుతుంది? శనివారం పొద్దున లేచేసరికి కూడా ఆమెకి ఏదీ తేలలేదు.

రుఫీనోయే ఆ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే మైదానంలో ఆడినవాళ్ళు. సముద్రం ఒడ్డున రేకుల షెడ్డులో వేయించిన చేప, అరటి బిళ్ళలు, చల్లటి బీరు. పక్క బల్లవాళ్ళు వచ్చి ఆయనతో ఫొటోలు దిగి వెళ్ళారు. చేప సగమయ్యాక ఆయనే మొదలుపెట్టాడు.

"నువ్వు అడగలేదు గానీ చెప్తాను. వాడు ఇంకా కాలేదు, మిలా."

"ఎందుకని?"

"చేతులు బంగారం. నాకున్నవాటికంటే మంచివి, ఒప్పుకుంటాను. కానీ ఆశెక్కువ. నా బంతులన్నీ వాడికే కావాలి."

"నీ బంతులా?"

"చూడు." ఆయన సీసా మూతలు మూడు ఏరి బల్లమీద పెట్టాడు. "ఇది రెండో బేస్. ఇటు నేను. అటు వాడు. బేస్ వెనక్కి, నా వైపుకి ఒక బంతి వచ్చింది. ఇది నాది. అవునా? నేను ఇలా వస్తాను." వేలితో తన మూతని నెట్టాడు. "వచ్చేసరికి వీడు అక్కడ ఉంటాడు. ప్రతిసారీ. నాకు అడ్డంగా. ఒకసారి గుద్దుకోబోయాం కూడా. వాడి సొంతవైపు బంతి వదిలేసి, నాది పట్టుకుని చప్పట్లు కొట్టించుకుంటాడు. పైన అట్లా ఆడితే ఊరుకుంటారా?"

"ఎలా వస్తాడు అక్కడికి?"

అడిగాక ఆమె నాలుక కరుచుకుంది. అడగకూడని మాట.

"ఎలా ఏంటి. వస్తాడు." ఆయన లెవ్రి మూతని దాని చోటునుంచి బేస్ వెనక్కి నెట్టాడు. దూరం చాలా ఉంది. వెనక్కి తెచ్చి మళ్ళీ నెట్టాడు, ఈసారి తన మూతని కూడా రెండో చేత్తో కదుపుతూ. "ఇక్కణ్ణుంచి బయల్దేరితే అంత త్వరగా..."

ఆగాడు. లెవ్రి మూతని రెండు వేళ్ళంత ఎడమకి జరిపాడు. అక్కణ్ణుంచి నెట్టాడు. అందింది. అప్పుడు తన మూత వంక చూశాడు. అది సగం దారి కూడా రాలేదు.

వడ్డించే అమ్మాయి వచ్చి ముళ్ళ పళ్ళెం తీస్తూ మూతల్ని కూడా ఊడ్చబోయింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఉంచమ్మా."

గాలికి రేకులు చప్పుడవుతున్నాయి. మిలాగ్రోస్ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. తలతిప్పితే ఆయన ముఖం చూడాల్సి వస్తుంది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"నాకు తెలీదు, రుఫీ."

"నీకు తెలుసు."

"సీజన్ మొదట్నుంచీ కావచ్చు."

ఆయన లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. "నేను అనుకుంటూనే ఉన్నా. ఈ ఏడాది కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, ఒక్క బంతీ నన్ను దాటిపోవట్లేదు అని. మా ఆవిడతో కూడా అన్నాను." బీరు ఎత్తి, తాగకుండా దించేశాడు. "మొన్న గురువారం వాణ్ణి తిట్టాను. అందరి ముందూ. నా బంతి జోలికి రాకురా దొంగవెధవా అన్నాను. తల దించుకుని సరే అన్నాడు."

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, మూతలు మూడూ జేబులో వేసుకుని లేచాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి స్టేడియం నిండిపోయింది. దోన్యా కొత్త టోపీ పెట్టుకుని వచ్చింది. మిలాగ్రోస్ ఇవాళ పిచర్‌ని చూడకూడదని నిశ్చయించుకుంది. కళ్ళు లెవ్రి పాదాల మీదే పెట్టింది.

మొదటి బంతి. పిచర్ కాలెత్తాడు. పాదాలు జరిగాయి.

రుఫీనో చెయ్యెత్తి ఆట ఆపించాడు. మైదానం అడ్డంగా నడుచుకుంటూ వచ్చి, లెవ్రి రెండు భుజాలు పట్టుకుని, బీరువా జరిపినట్టు రెండడుగులు వెనక్కి జరిపాడు. ఏదో చెప్పాడు. జనం నవ్వారు. లెవ్రి తల అడ్డంగా ఊపాడు. రుఫీనో ఇంకోసారి చెప్పాడు. ఈసారి వాడి ముఖానికి చాలా దగ్గరగా. తర్వాత తన చోటికి వెళ్ళిపోయాడు.

మూడో ఇన్నింగ్స్‌లో బేస్ వెనకనుంచి ఒక బంతి వచ్చింది. రుఫీనో కుడివైపుకి బయల్దేరాడు. ఆయన బయల్దేరడం అందరూ చూశారు. చాలాకాలంగా ఎవరూ చూడనిది. రెండడుగులు వేసి, మూడోది అందక, చెయ్యి చాపి పడిపోయాడు. బంతి ఆయన గ్లవ్‌కి ఇంత దూరంలోంచి గడ్డిలోకి వెళ్ళిపోయింది.

స్టేడియం నిశ్శబ్దమైపోయింది. "ఎండ కళ్ళలో పడింది," అంది దోన్యా. ఎండ ఆయన వీపు వైపు ఉంది.

ఐదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ అలాంటిదే. ఈసారి ఆయన పడలేదు. అందదని ముందే తెలిసి, అయినా చివరిదాకా పరిగెత్తాడు. పరుగు వచ్చింది. పైవరసలో ఎవరో నవ్వారు, పెద్దగానే.

అప్పుడు జనానికి కోపం వచ్చింది. ఆ కోపం లెవ్రి మీదికి మళ్ళింది.

"నిద్రపోతున్నావట్రా?"

"రోజూ పోతావుగా అటు, ఇవాళ నీ కాళ్ళకేమైంది?"

"ముసలాయన్ని పరిగెత్తించి నువ్వు చోద్యం చూస్తావా?"

దోన్యా కూడా లేచి నిలబడి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది. రుఫీనో వెనక్కి తిరిగాడు. జనం వైపు చూస్తూ, గ్లవ్ లేని చేత్తో తన రొమ్ము మీద తట్టుకున్నాడు. ఒకసారి కాదు, అరుపులు తగ్గేదాకా. తర్వాత మోకాలి మట్టి దులుపుకుని, తన గుంటల్లోకి వెళ్ళి, నడుము వంచి నిలబడ్డాడు.

ఏడో ఇన్నింగ్స్. బేస్‌ల మీద ఇద్దరు ప్రత్యర్థులున్నారు. పిచర్ కాలెత్తాడు. మిలాగ్రోస్ చూస్తున్న ఎడమ పాదం మడమ లేచింది. గాల్లో ఆగింది. వాడి ముఖం చూసింది. దవడ బిగిసి ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి, బ్యాటు వైపే ఉన్నాయి. మడమ ఇంకా లేచే ఉంది. తర్వాత అది మెల్లగా కిందికి దిగి మట్టిలో కూరుకుంది.

బంతి వాడి కుడివైపుకి వచ్చింది. మంగళవారం ఆట పోగొట్టిన బంతి లాంటిదే. వాడు ఒక్క అడుగు అడ్డంగా వేసి దాని ముందు నిలబడ్డాడు. బంతి గ్లవ్‌లోకి వచ్చింది. విసిరాడు. అవుట్. అది ఎంత మామూలుగా జరిగిపోయిందంటే చప్పట్లు కూడా సరిగా పడలేదు.

జట్టు ఓడిపోయింది.

జనం మెట్లు దిగుతుండగానే మిలాగ్రోస్ ఒక స్తంభం పక్కన నిలబడి ఫోన్ చేసింది.

"అవును," అంది.

"తయారయ్యాడా?" అన్నాడు హోల్కమ్. "బుధవారం తెలియదన్నావు."

"ఇవాళ చూశాను."

"ఏం చూశావు? ఏదైనా గొప్ప బంతి పట్టాడా?"

"లేదు. తేలికది పట్టాడు."

"మరి ఆ కుడివైపు సంగతి?"

"కుడివైపు ఏ లోటూ లేదు. నా మాట మీద పంపించు. అక్కడ వాడు నిలబడాల్సిన చోట నిలబడతాడు."

మాట స్థిరంగానే వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాక మాత్రం, ఆ మడమ దిగడాన్ని చూసి తనకి సంతోషం వేసిందా, దుఃఖం వేసిందా అని ఆలోచిస్తే తెలియలేదు. రెండో బేస్ వెనక ఆ అసాధ్యమైన బంతుల్ని వాడు మళ్ళీ అంత అందంగా పడతాడో లేదో కూడా ఆమెకి తెలియదు.

మెట్ల కింద గది తలుపు సగం తెరిచి ఉంది. మిగతావాళ్ళు స్నానాలకి వెళ్ళారు. లెవ్రి బూట్లు కూడా విప్పకుండా, గోడవైపు తిరిగి బెంచీ మీద కూర్చున్నాడు. రుఫీనో మోకాలికి ఐసు కట్టుకుని, కుంటుకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. మిలాగ్రోస్ గుమ్మం దగ్గరే ఆగింది. రుఫీనో ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. ఆయన కూడా చిన్నగా తలూపి, కాలు చాపుకున్నాడు.

"మేనేజర్‌తో మాట్లాడాను," అన్నాడు. "రేపట్నించి రెండో బేస్‌కి బుధవారం ఆడిన ఆ కుర్రాడు. నేను బ్యాటు పట్టుకుంటాను, అవసరమైతే."

లెవ్రి గోడవైపే చూస్తున్నాడు.

"నాతో మాట్లాడవా?"

"ఎందుకు చేశావు బాబాయ్?" "అందరూ చూస్తుండగా. మూడో ఇన్నింగ్స్‌ది... నేను ఎప్పుడూ నిలబడేచోట ఉంటే అది దొరికేది."

"దొరికేది," అన్నాడు రుఫీనో.

"ఐదో ఇన్నింగ్స్‌ది కూడా."

"అదీ దొరికేదే." ఆయన వంగి, నొప్పికి కాస్త మూలిగి, వాడి బూటు ముడి విప్పడం మొదలుపెట్టాడు. "కానీ అవి నా బంతులురా."